గంగ పుట్టిన లోయ

ఋషిమూలము, నదీమూలము విచారింపరాదని మన పెద్దలు చెప్పుదురు. గార్డెన్ రీచిలో, హుగ్లీ యొడ్డున ఉద్యోగములు చేసికొనుచున్న మన తెలుగువారికి ఈ రెండవ మూలమును విచారింపక తప్పదు. మన కార్యాలయముల దాపున ఓడలు సాగిపోవు ఈ నదికి బెంగాలు ఎగువభాగమున భాగీరథియని పేరు. హిమాలయములలో గోముఖమువద్ద మంచుగుహనుండి వెడలు నదికిని భాగీరథియనియే పేరు. సగరపుత్రుల కథ ముగిసిన గంగాసాగరము మనకు దిగువనే కలదు. ఆ కథకు తుది మనకు చేరువ, మొదలు దూరము. ఆ మొదటిని లోకము తెలిసికొన్న విధమును, దాని నేటి స్థితిని విన్నవించుటయే నా యుద్దేశము.

1767లో బెంగాలు సర్వేయరు జనరలైన జేమ్సు రెన్నెలు, తరువాత తాను ప్రకటించిన హిందూదేశ పటములో, టిబెట్టు లామాలు సేకరించిన వార్తలను నమ్మి, గంగ మానససరోవర ప్రాంతమున పుట్టి, పర్వతమును తొలుచుకొని గోముఖమున బయటపడునని చూపెను. ఇది పొసగదని కలకత్తాలో సంస్కృత పండితుడుగా పేరొందిన హెన్రీ కోల్‌బ్రూకు సందేహించెను. ఆ సందేహము తీర్చుటకు 1808లో వెబ్బు, రేపరు, హియర్సే అను మువ్వురు బయలుదేరిరి. గఢ్వాలు అప్పుడు గూర్ఖాల యేలుబడిలో నుండెను. దారి దుర్గమమగుటచే వారు రైథలు గ్రామమున ఆగి, తమ మున్షీని గంగోత్రికి పంపిరి. గంగ మానససరోవరమునుండి రాదని తేల్చిన వారి వృత్తాంతము కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సంపుటములలో వెలువడినది.

గోముఖమువరకు పోయి కొలతలు తీసినవారు హాడ్జ్‌సను, హెర్బర్టు. 1817 మే 31వ తేదీన మంచుగోడ క్రింద నదిని చూచి హాడ్జ్‌సను విస్మితుడయ్యెను. వెంట వచ్చిన గంగోత్రి బ్రాహ్మణుడు మాత్రము, వ్రేలాడుచున్న ఆ మంచుకుచ్చులే మహాదేవుని జటలు కావలెనని పలికెనట. దొరగారు ఆ మాటను గూడ తన కొలతల ప్రక్కన వ్రాసికొనెను. ఒకే దృశ్యమును ఇరువురు తమ తమ రీతుల గ్రహించిరి. ఇరువురును నడచి వెళ్లి చూచినవారే. కలకత్తాలో కూర్చుండి వేసిన ఊహలకు తీర్పు చెప్పినవి కాళ్లే.

ఇది జరిగిన పదుమూడేండ్లకు, 1830లో, మన ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణము విడిచి కాశీ, గయలు సేవించి, కలకత్తా మీదుగా తిరిగి వెళ్లిరి. ఆనాటి మనవారికి సాధారణముగా కాశీయే యాత్రకు అవధి. అంతకు పైనున్న గంగోత్రి సన్న్యాసులకును, సాహసికులకును విడిచిన చోటు.

ఈ లోయను దిద్దినది మంచే. నది కొండను కత్తివలె నిలువున కోయును. హిమానీనదము నాగలివలె వెడల్పుగా దున్నును. వేలయేండ్ల క్రిందట ఈ హిమానీనదము నేటికంటె మిక్కిలి దిగువకు, ఝాలా గ్రామ ప్రాంతమువరకు దిగియుండెనని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావుననే హర్సిలువద్ద లోయ వెడల్పై, నది ఇసుకమేటల నడుమ తీరికగా పారును. నేటి హిమానీనదము చౌఖంబా శిఖరముల క్రిందనుండి సుమారు 30 కిలోమీటర్లు సాగి గోముఖమున ముగియును. గంగోత్రి ఆలయమునకు గోముఖము సుమారు 18 కిలోమీటర్ల దూరము. ఆలయమును గూర్ఖా సేనాని అమరసింహ థాపా కట్టించెను. అక్షయతృతీయకు తలుపులు తెరతురు. దీపావళి పిమ్మట దేవి ముఖ్బా గ్రామమునకు దిగివచ్చును.

1962 చైనా యుద్ధము తరువాత సరిహద్దు రక్షణకై రోడ్లు పెరిగినవి. వాని వెంట బస్సులు, బస్సుల వెంట వసతిగృహములు వచ్చినవి. మన ఉద్యోగులలో పలువురు సెలవు ప్రయాణపు రాయితీపై గంగోత్రి చూచి వచ్చుచున్నారు. సంతోషమే. కాని చూడబోవు వస్తువు నిలుకడగా లేదు. కలకత్తా కేంద్రముగాగల భూగర్భ పరిశోధనశాఖకు చెందిన ఆడెను 1935లో గోముఖము పటము గీసెను. నాటినుండి మంచుమొన ఒక కిలోమీటరునకు మించి వెనుకకు తగ్గినది. హాడ్జ్‌సను నిలిచిన చోట నేడు మంచు లేదు, రాళ్లు మాత్రమే కలవు. గోముఖమునకు పోవువారిని దినమునకు 150 మందికి పరిమితము చేసిరి. 2012లో గోముఖమునుండి ఉత్తరకాశివరకు గల ప్రాంతమును పర్యావరణ సున్నిత మండలముగా ప్రకటించిరి.

అయినను 2025 ఆగస్టు 5వ తేదీన హర్సిలు చేరువనున్న ధరాలీ గ్రామముపై ఖీర్‌గాడు వాగు బురదయు, బండలును కొనివచ్చి పడినది. నిమిషములలో ఇండ్లు, హోటళ్లు పూడిపోయినవి, జనులు మరణించిరి. ఆ కట్టడములు నిలిచిన నేల, పూర్వము ఆ వాగే తెచ్చి పోసిన మట్టి. ఏటిచోటు ఏటికి విడువకున్న, ఏరు వచ్చి అడుగును.

వెళ్లవలదని నా మాట కాదు. వాగు పోసిన నేలపై గదియున్న బసలో దిగకుండుట, వానకారులో తొందరపడకుండుట, తీసికొనిపోయిన ప్లాస్టిక్కు తిరిగి తెచ్చుకొనుట, పరిమితిని పాటించుట, ఇవి కష్టమైన నియమములు కావు. భగీరథుడు గంగను దింపుటకు తపస్సు చేసెను. దిగివచ్చిన దానిని చెడగొట్టకుండుటకు మననుండి కోరబడునది తపస్సు కాదు, కొంత నిగ్రహమే. నదీమూలము విచారింపరాదను మాటను నేడు తిరుగవేసి, విచారించియే వెళ్లవలెనని సోదరులకు మనవి చేయుచున్నాను.