చప్పట్లు, చందమామ, అగ్గిపెట్టె: మన నేల మీద పసిబిడ్డల చదువు

ఈసారి కూడా కాస్త పొడుగు వ్యాసమే. తీరిగ్గా చదవండి, ఇంట్లో పెద్దవాళ్లుంటే పైకి చదివి వినిపించండి.

మన కుర్రతరం తల్లిదండ్రులు ఎక్కడ కలిసినా ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. ఏడాదిన్నర, రెండేళ్ల బిడ్డను ఇంట్లో పెట్టుకుని పొద్దస్తమానం ఏం చేయించాలి? ఫోన్ చేతికివ్వకూడదంటారు, ఇవ్వకపోతే వంట కాదు. ‘యాక్టివిటీ కిట్’ పేరుతో పెట్టెలు అమ్ముతున్నారు, కొనాలా? కొనేవాళ్లను నేను కాదనను. అయితే ఆ పెట్టెలో ఉన్న చాలా పనులు కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ పల్లెల్లో వందల ఏళ్లుగా ఉన్నవే. వాటి చరిత్ర తెలిస్తే ఏది కొనాలో, ఏది మన పెరట్లోనే దొరుకుతుందో మీకే అర్థమవుతుంది.

మొదట శ్రీవిల్లిపుత్తూరు

విరుదునగర్ జిల్లాలోని శ్రీవిల్లిపుత్తూరు అనగానే మనకు ఆండాళ్, ఆ గుడి గోపురం గుర్తొస్తాయి. తెలుగువాళ్లకు ఇంకొకటి కూడా గుర్తు రావాలి. 1509 నుంచి 1529 వరకు ఏలిన శ్రీకృష్ణదేవరాయలు రాసిన ఆముక్తమాల్యద కథ నడిచేది ఈ ఊళ్లోనే. ఆ కావ్యంలోని విష్ణుచిత్తుడే తమిళుల పెరియాళ్వార్. తులసివనంలో దొరికిన పసిపాపను ఎత్తుకుని పెంచిన తండ్రి.

ఆయన కృష్ణుణ్ణి బిడ్డగా భావించి పాడిన పాటల్లో ఒక వరుస ఉంది. ఊయల, ఆ తర్వాత చందమామను పిలవడం, చేతులూ మోకాలూ నేలకానించి తల ఆడించడం, చప్పట్లు కొట్టడం, తప్పటడుగులు. భక్తిని పక్కన పెట్టి చూసినా, ఒక బిడ్డ ఎదుగుదలను మెట్టు మెట్టుగా గమనించిన కన్ను అందులో కనిపిస్తుంది. సుమారు వెయ్యిన్ని నూరేళ్ల కిందటి మాట ఇది.

ఈ వరుసే తర్వాత ‘పిళ్లైత్తమిళ్’ అనే కావ్యప్రక్రియగా స్థిరపడింది. అందులో బిడ్డ బాల్యాన్ని పది దశలుగా పాడతారు. మొదటి ఏడు ఆడబిడ్డకూ మగబిడ్డకూ ఒకటే: రక్ష, తల ఆడించడం, జోల, చప్పట్లు, ముద్దు, నడిచి రమ్మనడం, చందమామ. చివరి మూడూ వేరు. మగబిడ్డకు ఇసుక ఇల్లు, చిన్న డోలు, చిన్న బండి. ఆడబిడ్డకు బంతులు ఎగరేసే అమ్మానై, నీరాట, ఊయల. మదురైలో మన తిరుమల నాయకుని కాలంలో కుమరగురుపరర్ మీనాక్షమ్మ మీద చెప్పినది ఈ ప్రక్రియలో పేరుమోసింది. ఆయన పుట్టింది తామ్రపర్ణి ఒడ్డున, ఇప్పటి తూత్తుకుడి జిల్లా శ్రీవైకుంఠంలో.

ఇసుక ఇల్లంటే ఏమిటో మనకు తెలుసు. మన పిచ్చుకగూడే. పాదం మీద తడి ఇసుక పోసి, తట్టి, మెల్లగా కాలు లాగేసేది. ఆండాళ్ నాచ్చియార్ తిరుమొళిలో మేం కట్టుకున్న ఇసుక ఇళ్లను చెరపవద్దని ఆడపిల్లలు కృష్ణుణ్ణి బతిమాలే పాటల వరుసే ఒకటుంది. అంటే ఈ ఆట ఈ నేల మీద కనీసం అంత పాతది. ఇప్పుడు దీన్నే ‘సెన్సరీ ప్లే’ అంటున్నారు.

వలస మూటలో వచ్చినవి

విజయనగర కాలంలోనూ, ఆ తర్వాత మదురై నాయకుల పాలనలోనూ మన పూర్వులు విడతలు విడతలుగా ఇటు వచ్చారు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలస కథనే ‘గోపల్లపురం’ నవలగా రాశారు. దాని కొనసాగింపు ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి, తమిళంలో రాసి, కరిసల్ మాటలకు నిఘంటువు కూడా కూర్చారు. ఊరి మాట పోతే ఊరే పోతుందని తెలిసినవాళ్లు చేసే పని అది.

వచ్చినవాళ్లకు ఇక్కడ దొరికింది నల్లరేగడి. జొన్న, సజ్జ, పత్తి, అటూ ఇటూ తాటిచెట్లు. పిల్లల ఆటవస్తువులన్నీ అందులోంచే పుట్టాయి. జొన్నదంటు చీల్చి, లోపలి బెండుకు పై ఈనెలు గుచ్చి చేసిన ఎద్దులబండి. తాటాకు మడిచి ముల్లు గుచ్చితే గాలికి తిరిగే చక్రం. తాటాకులోనే రెండు గింజలు పెట్టి అల్లితే గిలక్కాయ. ముంజలు తినేశాక మిగిలిన కాయలకు పుల్ల గుచ్చితే రెండు చక్రాల బండి. చింతగింజలతో వామనగుంటలు. చెరువు మట్టితో పొయ్యి, కుండ, రోలు.

వీటిలో పసిబిడ్డ తనంతట తాను చేయగలిగేవి తక్కువే. అక్కో అవ్వో చేస్తుంటే పక్కన కూర్చుని చూసేది, అందించేది, పాడుచేసేది. ఆ చూడడమే సగం చదువు. బొమ్మ ఎలా తయారైందో కళ్లారా చూసిన బిడ్డకు, అది విరిగితే మళ్లీ చేసుకోవచ్చని కూడా తెలుస్తుంది. కొన్న బొమ్మ ఆ సంగతి నేర్పదు.

ఎట్టయపురంలో తెలుగు అచ్చు

మన పిల్లలకు తప్పక చెప్పాల్సిన ఊరు ఎట్టయపురం. కోవిల్‌పట్టికి దగ్గరే. అక్కడి జమీందారులు తెలుగు మాట్లాడే వంశంవాళ్లు. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసింది అక్కడే. ఆయన కుటుంబానికే చెందిన సుబ్బరామ దీక్షితులు కర్ణాటక సంగీతానికి మూలగ్రంథంగా నిలిచిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని 1904లో ప్రకటించారు. ఆ గ్రంథం తెలుగు లిపిలో ఉంది, అచ్చయింది ఎట్టయపురంలోనే.

ఒక్కసారి ఆలోచించండి. నూట ఇరవై ఏళ్ల కిందట ఈ కరిసల్ నేల మీద తెలుగు అక్షరాలను సీసంతో కూర్చిన చేతులున్నాయి. ఈరోజు మన ఇళ్లలో తెలుగు మాట వినిపిస్తుంది, తెలుగు అక్షరం కనిపించదు. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

అగ్గిపెట్టె: ఆట, కూలి

చేతిపనుల చరిత్ర అని చెప్పి ఈ భాగం దాటేస్తే అది అబద్ధమవుతుంది.

1922లో శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకుని వచ్చారు. మరుసటి ఏడు పని మొదలైంది. వానలు తక్కువ, ఎండ ఎక్కువ, సేద్యం నమ్మకం లేనిది. ఆ పొడి గాలే అగ్గిపుల్లలకు అనుకూలించింది. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి వరకు ఈ పని పాకింది. చాలా కుటుంబాలకు అన్నం పెట్టింది, అది కాదనలేం.

కానీ పెట్టెల పని ఇళ్లకు వచ్చింది. పలుచని చెక్క పొర మడవడం, కాగితం చుట్టడం, జిగురు అంటించడం. లెక్క గ్రోసుల్లో, అంటే 144 పెట్టెలకు ఇంత అని. చట్రాల్లో పుల్లలు అమర్చే పనికి చిన్న వేళ్లు చురుగ్గా ఉంటాయని పిల్లలను తీసుకెళ్లారు. తెల్లవారకముందే పల్లెలకు బస్సులు వచ్చి పిల్లలను ఎక్కించుకుపోయిన రోజులు మన పెద్దవాళ్లకు తెలుసు. మైరన్ వీనర్ 1991లో అచ్చయిన తన పుస్తకంలో భారతదేశంలో బాలకార్మికుల గురించి రాస్తూ శివకాశిని ప్రపంచం ముందు పెట్టాడు.

1986 చట్టం అగ్గిపెట్టెలు, బాణసంచా తయారీలో పద్నాలుగేళ్ల లోపు పిల్లల పనిని నిషేధించింది. అయితే కుటుంబసభ్యులతో కలిసి యజమాని తానే నడుపుకునే పనిచోటుకు మినహాయింపు ఇచ్చింది. అంటే ఇంటి గడప లోపలికి చట్టం రాలేదు. 1996 డిసెంబర్ 10న ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు, ప్రమాదకరమైన పనిలో పెట్టిన ఒక్కో బిడ్డకు యజమాని 20,000 రూపాయలు సంక్షేమనిధికి కట్టాలని చెప్పింది. ఆ కేసు మొదలైంది శివకాశి పిల్లల గురించే.

ఇది ఇక్కడ ఎందుకు చెబుతున్నాను? కాగితం మడవడం, జిగురు అంటించడం, పుల్లలు వరుసగా పేర్చడం. ఇవే పనులు ఇప్పుడు నర్సరీ బడిలో ‘క్రాఫ్ట్’. వేళ్లు అవే, కదలికలు అవే. తేడా రెండు విషయాల్లో ఉంది: ఎన్ని చేయాలో ఎవరు నిర్ణయిస్తారు, ఎప్పుడు ఆపాలో ఎవరు నిర్ణయిస్తారు. బిడ్డ నిర్ణయిస్తే ఆట. గ్రోసు లెక్క నిర్ణయిస్తే కూలి. మన బిడ్డ రంగులు వేస్తూ మధ్యలో లేచిపోతే ‘పూర్తిచెయ్, ఫొటో తీసి పెట్టాలి’ అని కూర్చోబెట్టే ముందు ఈ తేడా గుర్తు చేసుకుందాం. మన అవ్వలకు మధ్యలో లేచిపోయే హక్కు లేకపోయింది.

కొడైకానల్‌లో ఒక ఇటలీ అవ్వ

అదే కాలంలో ఇంకో కథ. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో పేదల పేటలో మొదటి పిల్లల ఇల్లు తెరిచింది. 1939లో దివ్యజ్ఞాన సమాజంవారి పిలుపు మీద మద్రాసు అడయారుకు వచ్చింది. సుమారు 300 మంది మొదటి శిక్షణకు చేరారు. యుద్ధంలో ఇటలీ శత్రుదేశం కావడంతో ఆమె 1946 దాకా ఇక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. అందులో దాదాపు రెండేళ్లు కొడైకానల్‌లో.

ఆమె చిన్నపిల్లలకు ఇచ్చిన పనులేమిటి? ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నీళ్లు పోయడం, బొత్తాలు పెట్టడం, బల్ల తుడవడం, వస్తువులను రంగును బట్టీ సైజును బట్టీ వేరు చేయడం. అంటే ఇంటి పనే. దాన్ని బిడ్డ చేతికి సరిపోయే సైజులో, తొందరపెట్టకుండా ఇవ్వడమే ఆమె చెప్పిన కొత్త సంగతి.

మాంటిస్సోరి వెళ్లిన మరుసటి ఏడు, 1947 జులైలో, మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి ‘చందమామ’ మొదలుపెట్టారు. తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామ. పిళ్లైత్తమిళ్‌లో చందమామను పిలిచే దశ పేరు కూడా ‘అంబులి’యే. రెండు భాషల పిల్లలకూ మేనమామ ఒక్కడే.

అన్నం ముందు, అక్షరం తర్వాత

విరుదునగర్‌లో 1903లో పుట్టిన కామరాజ్ ముఖ్యమంత్రిగా 1956లో బడిలో మధ్యాహ్న భోజనానికి శ్రీకారం చుట్టింది ఎట్టయపురంలో. 1975 అక్టోబర్ 2న దేశంలో అంగన్‌వాడీ పథకం మొదలైంది. 1982 జులై 1న ఎం.జి.ఆర్. సత్తుణవు పథకం రెండేళ్ల బిడ్డలదాకా వచ్చింది. ఆకలితో ఉన్న బిడ్డ ఆడదు, ఆడని బిడ్డ నేర్చుకోదు. మన ప్రాంతం ఈ పాఠాన్ని దేశంలో చాలాచోట్ల కంటే ముందే నేర్చుకుంది.

ఇక మిగిలింది భాష

2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేసింది. మనం బతికేది ఇక్కడ, తమిళం మనదే, మన పిల్లలు బాగా నేర్చుకోవాలి. కానీ తెలుగు బాధ్యత ఇక పూర్తిగా ఇంటి మీద పడింది. బడికి వెళ్లేలోపు ఉన్న ఆ మూడేళ్లే మనకు దొరికే కాలం. ఆ కాలాన్ని ఫోన్‌కు అప్పజెబితే మిగిలేది ఏమీ ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది కూడా ఇదే: ఏడాది బిడ్డకు స్క్రీన్ వద్దు, రెండేళ్ల నుంచి నాలుగేళ్ల వరకు రోజుకు గంటకు మించవద్దు.

కాబట్టి ఇంట్లో చేయదగ్గవి కొన్ని. అన్నిటికీ ఒకటే నియమం: చేసేటప్పుడు నోరు తెలుగు మాట్లాడాలి.

చప్పట్లు, చందమామ. పైసా ఖర్చు లేదు. మీరు వేలితో చూపించినవైపు బిడ్డ చూడడమే మాట నేర్చుకోవడానికి మొదటి మెట్టు.

రెండు చిన్న గ్లాసులు, కొన్ని నీళ్లు. పెరట్లోనో గచ్చు మీదో పోసుకోనివ్వండి. ‘నిండింది, ఒలికింది, ఖాళీ’ అనే మాటలు వాటంతటవే వస్తాయి. పక్కనే ఉండండి, బకెట్ దగ్గర ఒంటరిగా వదలవద్దు.

కూరగాయల బుట్ట. ఉల్లిపాయలు ఒకవైపు, బంగాళాదుంపలు ఒకవైపు. చింతగింజలు, పల్లీలు మాత్రం చిన్నపిల్లలకు వద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

పిచ్చుకగూడు. వారానికి ఒకసారైనా ఇసుకలో.

తడి గచ్చు మీద ముగ్గు. సుద్దముక్కతో చుక్కలు మీరు పెట్టండి, గీతలు బిడ్డ ఎటు గీస్తే అటే. అదే చేతికి తర్వాత ‘అ’ వస్తుంది. మట్టిని తాడులా పేని ‘అ’ చుట్టి చూపించండి. రెండేళ్లకు రాయనక్కర్లేదు, కంటికి అలవాటైతే చాలు.

చివరగా ఖాళీ అగ్గిపెట్టె. పక్కనున్న గీసే పట్టీలో ఎర్ర భాస్వరం ఉంటుంది, దాన్ని కత్తిరించి తీసేయండి. లోపలి అర తోస్తే తెరుచుకుంటుంది, లాగితే మూసుకుంటుంది. అందులో గుడ్డముక్క దాచి ‘ఎక్కడ?’ అనండి. కనబడనిది లేకుండా పోలేదని బిడ్డకు అర్థమయ్యేది ఇలాంటి ఆటల్లోనే. నాలుగు పెట్టెలు దారంతో కడితే రైలు.

మన నేల మీద ఎందరో పిల్లలు ఆ పెట్టెను కూలికి మడిచారు. మన బిడ్డ దాన్ని ఆడుకోవడానికి తెరుస్తుంది, విసుగొస్తే వదిలేసి వెళ్లిపోతుంది. వెళ్లనివ్వండి.

మీ ఇళ్లలో అవ్వలు, తాతలు పసిబిడ్డలతో ఆడే ఆటల పేర్లు, అప్పుడు వాడే మాటలు ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. తెలుగు లిపి రాకపోతే తమిళ లిపిలోనైనా సరే. ఊరి పేరు, ఆట పేరు, ఎలా ఆడతారో రెండు వాక్యాలు. సంఘం పెద్దలు ఒప్పుకుంటే వాటన్నిటినీ ఒకచోట కూర్చి తెలుగు అక్షరాల్లో పెట్టే పని నేను చేస్తాను.