తారీఖు మీద పడ్డ ఇల్జామ్

2010 జనవరి 1. దునియా అంతా ఒకరికొకరు కొత్త సాల్ ముబారక్‌లు పంపుకుంటున్న రోజు. ఆ రోజు పంపిన మెయిళ్లలో కొన్ని చేరాల్సిన చోటికి చేరలేదు. పంపినవాళ్లకు చేరిందన్న యకీన్. అందుకోవాల్సినవాళ్లకు అసలు ఒకటి వచ్చిందన్న ఖబరే లేదు. మధ్యలో ఉన్న సర్వర్లు వాటిని చెత్త కింద జమకట్టి పక్కన పడేశాయి. వాటి కసూర్‌లో పెద్ద భాగం, వాటి మీద 2010 అని తారీఖు ఉండటం.

కిస్సా కొంచెం వెనక నుంచి చెప్పాలి. అడగని ఇశ్తెహార్‌ని టోకున పంపడం 1978లోనే మొదలైంది. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో మార్కెటింగ్ చూసే గ్యారీ థుయెర్క్, తమ కంప్యూటర్ల గురించి ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకే సందేశం పంపాడు. తర్వాత ఆ పిల్లకాలువ వరదయింది, గుమ్మం దగ్గర ఒక దర్బాన్ అవసరం పడింది. 2001లో జస్టిన్ మేసన్ స్పామ్‌అసాసిన్ అనే ప్రోగ్రాం విడుదల చేశాడు. పైసా ఖర్చు లేనిది. అందుకే చిన్న ఆఫీసుల నుంచి పెద్ద పెద్ద సర్వర్ల దాకా చాలా చోట్ల అదే కాపలా కాసింది.

దాని ఉసూల్ నాకు భలే నచ్చుతుంది. ఒక్క గవాహీ విని ఫైసలా చెయ్యదు. సబ్జెక్టు మొత్తం పెద్దక్షరాల్లో ఉంటే కొంత, పంపిన అడ్రస్ తేడాగా ఉంటే కొంత, ఇలా వందల రూళ్లు, ఒక్కోదానికి ఇన్ని మార్కులని. మంచి నిషానీ ఉంటే మార్కులు తగ్గుతాయి కూడా. అన్నీ కూడి 5కి చేరితేనే అది స్పామ్. సర్వర్ చూసుకునేవాళ్లు తమ సొంత రూళ్లు కూడా రాసుకోవచ్చు.

ఆ రూళ్లలో ఒకటి తారీఖుది. స్పామ్ పంపేవాళ్లకో చాలాకీ ఉండేది: ఉత్తరం మీద ఎప్పుడో రాబోయే సంవత్సరం వేస్తే అది ఇన్‌బాక్సులో అన్నిటికన్నా పైన కూర్చుంటుంది. దాన్ని పట్టడానికి, తారీఖులో 20 తర్వాత 1 నుంచి 9 దాకా ఏ అంకె ఉన్నా షక్ పడమని రాశారు. అంటే 2010 నుంచి 2099 వరకు. 2007లో 3.2.0 వెర్షన్ వచ్చినప్పుడు అందులో గలత్ ఏమీ లేదు. 2010 అంటే అప్పటికి దూరపు మాట. రూలు అక్కడే నిలబడింది, జమానా నడుచుకుంటూ వచ్చి దాని ముందు నిలబడింది.

ఆ ఒక్క రూలు 3.6 మార్కుల దాకా వేసేది. మిగతా 1.4 పడటానికి ఎంతసేపు? ఏ చిన్న చిన్న లోపాలు రెండు కలిసినా చాలు. తమాషా ఏమిటంటే, అన్ని మెయిళ్లూ ఆగిపోయి ఉంటే అదే రోజు ఉదయం అందరూ లేచి కూర్చునేవారు. సాఫ్‌గా ఉన్నవి దాటిపోయాయి, అంచు మీద ఉన్నవి పడిపోయాయి. అందుకే గల్తీ దొరకడం ముష్కిల్. ఇంకో మాట చెబితే మనసు చివుక్కుమంటుంది: రాబోయే వెర్షన్ కోడ్‌లో ఈ రూలును ముందే సరిచేశారు. పాత 3.2 వాడేవాళ్లకు ఆ దిద్దుబాటు పంపలేదు, అంతే. జనవరి 1న హడావిడిగా పంపారు. తొందరగా ఉన్నవాళ్లు తమ సెట్టింగుల ఫైల్లో ఆ రూలు మార్కులు సున్నా అని ఒక్క లైను రాసుకుంటే సరిపోయేది.

ఇంత పెద్దది కాదుగానీ, ఇలాంటిది నేను కళ్లారా చూశాను. మా మామూ కొడుకు గల్ఫ్‌కి మనుషుల్ని పంపే ఒక ఆఫీసులో మెయిల్ సర్వర్ చూసేవాడు. క్రెడిట్ కార్డుల స్పామ్‌తో విసిగిపోయి, సబ్జెక్టులో వీసా అన్న మాట ఉంటే 6 మార్కులు వెయ్యమని రూలు రాశాడు. అడ్డగీత 5 అయితే ఒక్క గవాహీకి 6! పైగా ఆ ఆఫీసు రోజీ రోటీయే వీసాలు. "భాయ్‌జాన్, వారం నుంచి రియాద్ వాళ్లు ఒక్క మెయిలూ పంపలేదు" అని నాకు ఫోన్ చేశాడు. పంపలేదు అన్నాడు, గమనించండి. ఇల్జామ్ ముందు రియాద్ మీదికే పోయింది.

చెత్త ఫోల్డరు తెరిపించాను. ప్రతి మెయిల్ హెడర్‌లో ఎక్స్-స్పామ్-స్టేటస్ అని ఒక లైను ఉంటుంది. ఏ రూలు తగిలింది, మొత్తం ఎన్ని మార్కులు, అన్నీ రాసి ఉంటాయి. ముల్జిమ్ పేరు అక్కడే దొరికింది. రూలు తీసేశాడు. చేత్తో నడిపించి చూస్తే మెయిల్ సాఫ్. అసలు సర్వర్ మాత్రం ఇంకా చెత్తలోకే తోస్తోంది! మధ్యాహ్నమంతా అదే పరేషానీ. చివరికి తేలిందేమిటంటే, ఫైలు మారింది గానీ వెనక నిరంతరం నడిచే ప్రోగ్రాం పొద్దున చదువుకున్న పాత రూళ్లనే పట్టుకుని కూర్చుంది. దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. దానికి ముందు లింట్ అనే జాంచ్ ఒకటి నడపాలి. రాతలో తప్పులుంటే అది చెబుతుంది, లేకపోతే తప్పుగా రాసిన లైను పనిచెయ్యకుండా పడి ఉన్నా మనకి తెలియదు.

అసర్ వేళకి మెయిళ్లు రావడం మొదలైంది. ఆ వారం చెత్తలో పడ్డవి లెక్కపెడితే పదకొండు వీసా కాగితాలు. అందులో ఒక కుర్రాడి మెడికల్ టెస్టు తారీఖు ముందురోజే దాటిపోయింది. వాళ్ల అమ్మీకి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలియక, మావాడు ఫోన్ నా చేతిలో పెట్టాడు.