దీపధారి

ఊరి నడుమ రాత్రి భోజనములైన పిమ్మట మొదలై కోడికూత వరకు సాగెడి వీథిభాగవతములందు వేషగానికి ముఖ్యసహాయుడు సూత్రధారుడని కొందరు, మృదంగమువాడని కొందరు అందురు. నా మట్టునకు దివిటీవాడే యని తోచును. కర్రకు పాతగుడ్డలు చుట్టి, నూనెలో తడిపి వెలిగించిన కాగడాలను చేతబట్టుకొని దివిటీవారు తెరకు ఇరుప్రక్కల నిలిచెడివారు. పాత్రప్రవేశము వేళ ఆ మంటపై గుగ్గిలపు పొడి చల్లగా, భగ్గుమని లేచిన వెలుగులో తెర తొలగి, కిరీటమును భుజకీర్తులను ధరించిన వేషము ఒక్క క్షణమున జనుల కన్నులబడెడిది. కూచిపూడి భాగవతులును ఈ ఉపాయమును బాగుగ ఎరుగుదురు. తరువాత ఆట నడచినంతసేపు వేషగాడు ఏ దిక్కునకు మొగము త్రిప్పునో ఆ దిక్కునకు దివిటీయు కదలవలెను. మరీ చేరువయైనచో ఆహార్యమునకు అపాయము, ఎడమైనచో కనుబొమల అభినయమంతయు చీకటిపాలు. దూరము రెండింతలైనచో వెలుగు నాలుగవ వంతునకు దిగునన్న సూత్రమును దివిటీవాడు ఏ బడిలోను చదివినవాడు కాడు, మోచేతితో నేర్చినవాడు. పెక్కు గ్రామములలో రజకులు ఈ పనిని వృత్తిధర్మముగ నిర్వహించిరి. భాగవతుల ఇంటిపేర్లను చరిత్రకారులు శ్రద్ధతో సేకరించిరి గాని, ఆ ముఖములను లోకమునకు చూపిన చేతులు ఎవ్వరివో విచారించినవారు అరుదు.

ఐరోపా రంగస్థలమందును పరిస్థితి దీనికి మిక్కిలి భిన్నము కాదు. సున్నపు దిమ్మెను ఆక్సిజను, హైడ్రోజను వాయువుల మంటలో కాల్చగా పుట్టెడి తెల్లని తేజస్సును 1826లో థామస్ డ్రమ్మండ్ భూమిని కొలుచు పనికై ప్రదర్శించెను. 1837 నాటికి అది లండనులోని కవెంట్ గార్డెన్ నాటకశాలకు ఎక్కెను. ఒక్కొక్క దీపమునకు ఒక్కొక్క మనిషి ప్రక్కన నిలిచి, అరుగుచున్న దిమ్మెను త్రిప్పుచు, నటుని వెంట కాంతిని నడుపవలసి యుండెను. వ్యయము హెచ్చు, శ్రమ హెచ్చు. కావున అది నగరములను దాటి పెద్దగా పోలేదు.

మన పల్లెలకు తెల్లని వెలుగును తెచ్చినది వేరొకటి. ఆస్ట్రియా దేశపు రసాయనవేత్త కార్ల్ ఆవర్ దీపపు మాంటిల్‌ను కనిపెట్టిన 1885వ సంవత్సరముననే, కడప మండలమందలి సురభి గ్రామమున వనారస గోవిందరావు ‘కీచకవధ’ను ఆడించి సురభి నాటకసమాజమునకు నాంది పలుకుట కాకతాళీయమే యైనను నాకు ముచ్చటగ నుండును. ఏలయన, ఇరువదవ శతాబ్దమున ఆ మాంటిలే కిరసనాయిలుతో మండెడి పెట్రోమాక్సు లైటులో చేరి, విద్యుత్తు ఎరుగని ఊళ్లలో నాటకమునకు సూర్యుడాయెను. దానికి గాలి కొట్టుచుండవలెను, పురుగులు ముసరును, ఎడతెగక బుసకొట్టును. పద్యమెత్తుకొన్న నటుడు ఆ బుసను మించి కడపటి వరుసకు వినబడవలెను. వ్రేలాడగట్టిన ఆ దీపము ఎవ్వరి వెంటను నడువదు. నటుడే దాని క్రిందికి వచ్చుట నేర్చెను. రంగస్థలపు మధ్యభాగము రాజులకును, అంచులు చెలికత్తెలకును అయినదనుటలో ఈ దీపమునకును కొంత పాలు గలదని నా అనుమానము.

నటునికి దీపముతో గల ఈ బంధనమును చలనచిత్రము మరింత బిగించెను. 1893లో ఎడిసన్ కట్టించిన తొలి చిత్రశాల, పైకప్పు తెరచుకొని, వలయాకారపు పట్టాలపై సూర్యుని వెంట తిరుగునట్టిది. 1897లో ఫ్రెంచి చిత్రనిర్మాత మెలియె పారిస్ చేరువను గాజుమందిరమునే నిర్మించెను. పిదప వచ్చిన కార్బన్ ఆర్కు దీపముల అతినీలలోహిత కిరణములకు నటుల కన్నులు వాచి ఎర్రబారెడివి. మాటల చిత్రము రాగా, ఆర్కుల రొద శబ్దగ్రహణమునకు అడ్డగుటచే, నిశ్శబ్దముగ వెలిగెడి పెద్ద బల్బులకు గిరాకి కలిగెను. సురభివారు నటించిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’, 1932లో విడుదలైనది, బొంబాయి స్టూడియోలో తయారైనదే. ఇట్టి వెలుగు నిర్మాతలకే గాని నటులకు సొంతము కాకుండెను. అవకాశము కోరువాడు ఆ కాలమున మదరాసుకు పోయి పరుల దీపము క్రింద మేకప్ టెస్టునకు నిలువవలసి యుండెను. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ వద్ద నున్న ఛాయాచిత్రమును చూచియే నిర్మాత బి.ఎ. సుబ్బారావు ‘పల్లెటూరి పిల్ల’కు ఎన్.టి. రామారావును ఎన్నుకొనెనందురు. అనగా అచ్చటను పరీక్ష జరిగినది. కాకున్న అది ఆ ఛాయాచిత్రమును తీసిన వెలుగులోనే జరిగినది.

పేదవాని దీపమునకు శాస్త్రగౌరవము తెచ్చినవాడు వంగదేశపు ఛాయాగ్రాహకుడు సుబ్రతో మిత్రా. 1956 నాటి ‘అపరాజితో’ చిత్రమునకు కాశీలోని ఇంటి ముంగిలిని, వానల భయముచే, కళాదర్శకుడు బంసీ చంద్రగుప్త కలకత్తా స్టూడియోలోనే నిర్మింపగా, మిత్రా మొదట అభ్యంతరము చెప్పెను. నాలుగు గోడల నడుమ ఆకాశము నుండి దిగు వెలుగునకు నీడలుండవు. స్టూడియో దీపములకో, ఒక్కొక్కదానికి ఒక్కొక్క నీడ. తుదకు ఆయన సెట్టుపై తెల్లని గుడ్డ పరపించి, దీపములను నటులపైకి గాక క్రిందినుండి ఆ గుడ్డపైకి త్రిప్పి, అచ్చట చెదరి దిగిన కాంతిలోనే దృశ్యమును తీసెను. వెలుగునకు మార్దవము దీపపు వెలనుబట్టి రాదు, అది వచ్చెడి ఉపరితలపు వైశాల్యమునుబట్టి వచ్చును. తెల్లగుడ్డ వెనుక ఆముదపు దీపములు పెట్టి తోలుబొమ్మల నాడించిన వారికి ఈ రహస్యములో సగము ముందే తెలియును.

2020 మహమ్మారి వేళ నటపరీక్షను ఇంటనే చిత్రించి పంపు ఆచారము బలపడిన నాటినుండి, హైదరాబాదు కృష్ణానగరు మేడగదులలో సినిమా అవకాశములు వెదకెడి యువకులు మిత్రాకు తెలియని శిష్యులైరి. జపాను శాస్త్రవేత్త నకమురా 1990ల ఆరంభమున సాధించిన ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ నుండియే తెల్లని ఎల్‌ఈడీ పుట్టినది. ప్రభుత్వము ఉజాలా పథకమునకై టోకున కొన్న బల్బు వెల 2014లో సుమారు 310 రూపాయలుండగా, 2016 నాటికి 38 రూపాయలకు దిగెను. అట్టి బల్బు, ఒక థర్మోకోలు అట్ట, కిటికీకి కట్టిన పలుచని దుప్పటి యున్న చాలును. ఎదుటి పాత్ర మాటలు చదివెడి స్నేహితుడే రెండవ చేత అట్ట పట్టుకొనును. రింగు లైటుపై వ్యామోహము నాకు బోధపడదు: మొదట దంతవైద్యుల ఛాయాగ్రహణమునకై పుట్టిన ఆ పరికరము నీడలనన్నింటిని తుడిచి, కంటిపాపలో తెల్లని వలయమును నిలిపి, విషాదమును గూడ ప్రకటనవలె చూపును. ముఖమునకు ఒక ప్రక్కగా, కంటికి కొంచెము ఎత్తున ఒకే పెద్ద వెలుగు, రెండవ ప్రక్కన అట్ట. ఇంతకు మించినది తరచు చెరుపే.

చిక్కులు లేవని కాదు. కిటికీ వెలుగు నీలిమ కలది, పాత బల్బు పసుపు. రెండును కలిసిన ముఖము రెండు వన్నెలగును గాన, ఒకదానిని ఆర్పవలెను. మన విద్యుత్తు సెకనుకు ఏబదిమార్లు ఊగుటచే చౌక ఎల్‌ఈడీలు నూరుమార్లు మినుకుమనును. ఫోనులో నల్లని చారలు ప్రాకినచో షట్టరును యాబదవ వంతునకో, నూరవ వంతునకో నిలిపిన అవి మాయమగును. పైదీపమునకును మనిషికిని నడుమ పంకా తిరిగినచో దాని రెక్కల నీడ ముఖమును కోయుచుండును. దానికి మాత్రము ఇంతవరకు పంకా ఆపి, తువాలు దగ్గర నుంచుకొనుట కంటె చౌకయైన మార్గమును ఎవ్వరును కనిపెట్టలేదు.