సార్థవాహుడు - ప్రాచీన స్థలమార్గములందలి సంఘప్రయాణము

ప్రాచీన వర్తకమార్గముల చరిత్రను వ్రాయువారు సాధారణముగా రెండు విషయములపై దృష్టి నిలుపుదురు. ఒకటి ఆ మార్గముల వెంట నడచిన సరకు. రెండవది ఆ మార్గములను ఏలిన రాజ్యములు. ఈ రెంటి నడుమ మూడవది యొకటి కలదు. అది కలిసి నడచిన జనసమూహము. ఒంటరివానికి దాటరాని ఎడారిని సమూహము దాటినది. ఆ సమూహమునకు మన పూర్వులు పెట్టిన పేరు సార్థము; దానిని నడపినవాడు సార్థవాహుడు. ఈ సార్థవాహ పదము హిందూకుశ పర్వతములను దాటి, అన్యభాషలలో రూపము మార్చుకొని, తుదకు చీనాదేశమున నొక ప్రభుత్వోద్యోగమునకు పేరైనది. ఆ పదచరిత్రమును ఆధారముగా గొని, దారిలో పుట్టిన నాయకత్వము ఊరిలో అధికారముగా మారిన తీరును, ఆ నాయకత్వపు రక్షణ ఎవరికి దక్కినది, ఎవరికి దక్కలేదు అను సంగతిని పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

అమరకోశము వైశ్యవర్గమున వర్తకుని పర్యాయపదములలో సార్థవాహ శబ్దమును చేర్చినది. అర్థముతో కూడినది సార్థము. అర్థమనగా ధనమును అగును, ప్రయోజనమును అగును. పెట్టుబడిలోను పయనములోను సమాన ప్రయోజనము గలవారి కూటమి యని భావము. తమిళమున ఇదే పదము ‘సాత్తు’ అయినది. శిలప్పదికారమున కోవలుని తండ్రికి గల మాశాత్తువాన్ అను పేరు మహాసార్థవాహుడను అర్థమునే ఇచ్చుచున్నది. మన తెలుగున బిడారు అను మాట ఈ అర్థమున వాడుకలో నున్నది. 1953లో మోతీచంద్రగారు హిందీలో రచించిన గ్రంథమునకు ‘సార్థవాహ’ అనియే పేరు. ప్రాచీన భారతీయ మార్గ చరిత్రకు ఆ గ్రంథము నేటికిని ఉపజీవ్యము.

సార్థము ఎట్లు నడచెడిదో తెలుపు ఆధారములలో పాలి జాతకములు ముఖ్యమైనవి. జాతకములలో మొదటిదగు అపణ్ణక జాతకమున ఇద్దరు సార్థవాహులు, ఒక్కొక్కనికి ఐదువందల బండ్లు. వారిరువురును ఒకేసారి బయలుదేరినచో వేయిబండ్లకు దారి చాలదు. మనుష్యులకు నీరును కట్టెలును, ఎద్దులకు గడ్డియు దొరకవు. కావున ఒకరు ముందును మరియొకరు వెనుకను పోవలెనని నిశ్చయించుకొందురు. ఈ చిన్న సంభాషణలో సంఘప్రయాణపు మూలసూత్రము ఇమిడియున్నది. దొంగలనుండి రక్షణకై సమూహము పెద్దదిగా నుండవలెను. బావిలోని నీటికై అది చిన్నదిగా నుండవలెను. ఈ రెండు అవసరముల నడుమ కొలత తెలిసినవాడే సార్థవాహుడు. ముందుగా పోయినవాడు మాయమాటలు నమ్మి నీటికుండలు పారబోయించి తన జనమునంతను నాశనము చేయగా, వెనుక వచ్చినవాడు నీటిని విడువక అందరిని గట్టెక్కించెను. వణ్ణుపథ జాతకమున సార్థము ఎండకు వెఱచి రాత్రివేళ నక్షత్రముల గుర్తుతో ఇసుక మైదానమును దాటును. దారి చూపువాడు నిద్రించుటచే బండ్లు వచ్చిన దారినే తిరిగి పట్టును. ఇవి కథలే యైనను, ఇందలి దారి నియమములు అనుభవము నుండి పుట్టినవని చెప్పవచ్చును.

సార్థవాహుని మాట దారిలో చెల్లుటకు రాజాజ్ఞ కారణము కాదు. అతని తెలివిపై తోడివారికి గల నమ్మకము కారణము. ఈ నమ్మకము క్రమముగా ఊరిలోను చెల్లుబడి యైనది. గుప్తచక్రవర్తి మొదటి కుమారగుప్తుని కాలపు దామోదర్‌పూర్ తామ్రశాసనములు ఇందులకు సాక్ష్యము. క్రీ. శ. 443-44 నాటి శాసనమును బట్టి, పుండ్రవర్ధన భుక్తిలోని కోటివర్ష విషయమున భూవిక్రయాది వ్యవహారములను చూచు అధికరణమున నగరశ్రేష్ఠి, ప్రథమకులికుడు, ప్రథమకాయస్థుడు అనువారితో పాటు సార్థవాహుడును సభ్యుడు. ఎడ్లబండ్లను నడపినవాడు భూమి తగవులను తీర్చు సభలో కూర్చుండెను.

ఇట్టి పరిణామమే భారతదేశపు ఎల్లలకు ఆవల, మఱింత విస్తృతముగా జరిగినది. సమర్కందు ప్రాంతమునకు ప్రాచీననామము సోగ్దియానా. అచటి సోగ్ది వర్తకులు క్రీ. శ. నాలుగవ శతాబ్దము మొదలు ఎనిమిదవ శతాబ్దము వఱకు మధ్యాసియా వ్యాపారమున అగ్రగణ్యులు. భారతీయ వర్తకులతో వీరికి సన్నిహిత సంబంధముండెను. సింధునది ఎగువ లోయలో, షతియాల్ మొదలగు తావుల, బండలపై వారు చెక్కిన లిఖితములు వందలకొలది కలవు. వానిలో ఒకదానియందు ఒక బాటసారి తాను త్వరగా గమ్యము చేరి తన సోదరుని క్షేమముగా చూడవలెనని అచటి దైవమును వేడుకొనెను. ఇట్టి సంబంధముల ఫలితముగనే సంస్కృతపు సార్థవాహ శబ్దము సోగ్దిభాషలో ‘సర్త్‌పావ్’ అయ్యెననియు, దానినే చీనావారు ‘సాబావ్’ అని పలికిరనియు భాషావేత్తలు నిరూపించిరి.

సర్త్‌పావ్ పదమునకు ప్రాచీనమైన ప్రయోగము సోగ్ది ప్రాచీనలేఖలలో కనబడుచున్నది. 1907లో ఆరెల్ స్టైన్ దొర చీనా పడమటి సరిహద్దున, తున్‌హువాంగ్ నగరమునకు పశ్చిమముగా, శిథిలమైన యొక కావలి బురుజులో ఈ లేఖలను కనుగొనెను. ఇవి క్రీ. శ. నాలుగవ శతాబ్దారంభమునకు చెందినవి. అందొక లేఖ అస్పంధాత్ అను సర్త్‌పావ్‌ను ఉద్దేశించి వ్రాయబడినది. రెండవ లేఖ సమర్కందునకు పంపబడినది. 311లో జరిగిన లోయాంగ్ నగర విధ్వంసమును అది వర్ణించుచు, ఆ నగరమందలి సోగ్దివారును భారతీయులును ఆకటిచే మరణించిరని తెలుపుచున్నది. చీనా రాజధానిలో ఆ దినములలోనే భారతీయ వర్తకులు సోగ్దివారి సరసన నివసించుచుండిరని దీనివలన స్పష్టము. పదము ఒక భాష నుండి మఱియొక భాషకు చేరుటకు ఇంతకంటె అనువైన స్థితి యుండదు.

రెండు శతాబ్దముల తరువాత ఆ పదము ఉద్యోగనామమైనది. 2003లో షియాన్ నగరమున బయల్పడిన సమాధియొకటి సోగ్ది, చీనా భాషలు రెంటను శాసనము కలిగియున్నది. అది క్రీ. శ. 580 నాటిది. అందలి మృతుని సోగ్దినామము విర్కాక్. చీనాభాషలో షి అను వంశనామము గలవాడు. ఇతడు లియాంగ్‌చౌ ప్రాంతమున సాబావ్‌గా నియమితుడై, 579లో 86వ యేట మరణించెను. అతని సమాధిపై సరకు మోయు ఒంటెలతోను గుఱ్ఱములతోను కూడిన బిడారు చెక్కబడియున్నది. 2000లో అచటనే బయల్పడిన ఆన్ జియా సమాధియు ఒక సాబావ్‌దే. వీరు అప్పటికి బిడారులను నడపువారు మాత్రమే కారు. చీనా నగరములలో స్థిరపడిన తమవారిపై ప్రభుత్వ మంగీకరించిన అధికారులు. సుయ్, తాంగ్ వంశముల పరిపాలనలోను ఈ ఉద్యోగము కొనసాగినది. కోటివర్షమున జరిగినదే లియాంగ్‌చౌలోను జరిగినది. రాజ్యము నాయకుని సృష్టింపలేదు; దారి తయారుచేసిన నాయకుని రాజ్యము గుర్తించినది.

ఈ నాయకత్వము లేనిచో సంభవించు ఫలితమునకు హ్యూన్‌త్సాంగు జీవితచరిత్రయందొక ఉదంతము కలదు. అగ్ని రాజ్యమును సమీపించినప్పుడు ఆయనతో కూడ నడచుచున్న వర్తకులలో కొన్ని పదులమంది, అందరికంటె ముందుగా నగరము చేరి సరకు అమ్ముకొనవలెనను ఆశతో, అర్ధరాత్రమున చెప్పకుండ బయలుదేరిరి. కొంతదూరము పోవునప్పటికి దొంగలు వారినందరిని చంపి ధనమును హరించిరి. వెనుక వచ్చినవారికి శవములు మాత్రమే కనబడినవి. సార్థశబ్దమందలి ‘సమాన ప్రయోజనము’ చెడిన క్షణముననే సార్థము చెడినది. క్రీ. శ. 399లో చాంగాన్ నుండి సహచరులతో బయలుదేరిన ఫాహియాను వృత్తాంతము మఱియొక విధమైనది. ఒక సహచరుడు మంచుకొండలలో మరణించెను. ఒకడు భారతదేశముననే నిలిచిపోయెను. కొందఱు నడుమనే మఱలిరి. ఫాహియాను తిరుగుప్రయాణమున పాత సహచరులెవ్వరును లేక సముద్రమార్గమున పోయెను. యాత్రికుల సంఘమును నిలిపినది సంకల్పము. వర్తకుల సంఘమును నిలిపినది లెక్క. దారిపై రెండవదానికే బలము హెచ్చు.

కాని ఆ లెక్కలో చేరనివారి గతి యేమి? ఈ ప్రశ్నకు సోగ్ది లేఖలే సమాధాన మిచ్చుచున్నవి. వానిలో రెండు మివ్నాయ్ అను స్త్రీ వ్రాయించినవి. భర్త ఆమెను కుమార్తెతో సహా తున్‌హువాంగులో విడిచిపోయెను. మూడేండ్లు గడచెను. స్వదేశమునకు పోవ నవకాశము ఒకసారి కాదు, ఐదుసార్లు కలిగెను. కాని ఆమెను తీసికొనిపోవువారు లేకపోయిరి. ఊరిపెద్ద నడిగెను, భర్త బంధువు నడిగెను. భర్త తరపువారి అనుమతి లేనిదే ఎవ్వరును పూనుకొనరైరి. దేవాలయపు పూజారి యొకడు మాత్రము ఒంటెను, తోడుగా ఒక మనుష్యుని ఇత్తునని చెప్పెను. అప్పుల పాలై తల్లియు కూతురును చీనావారి ఇండ్ల ఊడిగము చేయవలసివచ్చెను. ఆ లేఖలైనను గమ్యము చేరలేదు. పదునాఱు వందల యేండ్లు ఆ బురుజులోనే పడియుండెను.

ఇది చదువునపుడు తెలుగు పాఠకునకు నలోపాఖ్యానము స్మరణకు రాకమానదు. నన్నయ తెనిగించిన భాగమందలి దీని మూలకథలో, భర్తచే విడువబడిన దమయంతి అడవిలో ఒక సార్థమును కలిసికొని, అది చేదిరాజు నగరమునకు పోవుచున్నదని సార్థవాహుని వలన విని, దాని వెంట నడచును. రాత్రి అడవియేనుగులు సార్థమును త్రొక్కివేయగా, మిగిలినవారిలో కొందఱు ఆ అపరిచిత స్త్రీయే అరిష్టమునకు కారణమని నిందింతురు. దమయంతికి దొరికిన దారితోడు మివ్నాయ్‌కు దొరకలేదు. దొరికిన దమయంతికిని ఆపద వచ్చినప్పుడు ఆ తోడు నిలువలేదు. సార్థపు సమానత్వము పెట్టుబడి పెట్టిన పురుషులకు మాత్రమే చెందినది. కథయు చరిత్రయు ఈ యంశమున ఏకీభవించుచున్నవి.

ఆంధ్రదేశమునకు ఈ మార్గములతో సంబంధము లేకపోలేదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 14వ పాలన సంవత్సరమున బోధిసిరి యను ఉపాసిక వేయించిన శాసనము కాశ్మీర, గాంధార, చీన, యవనాది దేశముల ప్రజలను ధర్మమునందు ప్రసన్నులను చేసిన ఆచార్యులను పేర్కొనుచున్నది. కృష్ణాతీరమున నివసించిన గృహిణికి ఆ దేశముల పేర్లు తెలియుటకు కారణము ఆ దారుల వెంట నడచిన భిక్షువులును వర్తకులునే. మధ్యయుగపు తెలుగు శాసనములలో కనబడు నానాదేశి పెక్కండ్రు అను వర్తకసంఘములును సార్థమువలెనే, రాజు నియమింపకయే ఏర్పడి రాజుచే గౌరవింపబడినవి. వాని కట్టుబాట్లను సార్థనియమములతో పోల్చి పరిశీలించుట పరిశోధక విద్యార్థులు పూనుకొనదగిన కార్యము. అట్లు చేయునపుడు ఆ సంఘములు ఎవరిని చేర్చుకొన్నవో చూచుటతో తృప్తిపడక, ఎవరిని వెలుపల నిలిపినవో కూడ చూడవలెను. సార్థవాహుని సమాధి రాతిలో చెక్కబడి నిలిచినది; మివ్నాయ్ మొఱ చిరుగుకాగితమున నిలిచినది. చరిత్రకారునకు రెండును సాక్ష్యములే.