కొన్నవాని హక్కు

వాల్వు రేడియోల కాలమున డాబామీద ఏరియల్ తీగ కట్టుకొనుటకుగాని, పక్కగదిలో మరియొక స్పీకరు అమర్చుకొనుటకుగాని గృహస్థులు తయారీదారు అనుమతి కోరలేదు. కొన్న వస్తువును అవసరమునకు తగినట్లు మార్చుకొనుట యజమాని హక్కని మన నమ్మకము. అమెరికాలో మాత్రము టెలిఫోను విషయమున ఇట్టి హక్కుకై ఏండ్లతరబడి వ్యాజ్యము నడచినది.

అక్కడ టెలిఫోను యంత్రము చందాదారునిది కాదు, కంపెనీ అద్దెకిచ్చెడిది. తాను సరఫరా చేయని ఏ పరికరమును దానికి తగిలింపరాదని ఏ.టి. అండ్ టి. కంపెనీ నిబంధన. 'హష్-ఎ-ఫోన్' అనునది రిసీవరులో మాటలాడు చోట తగిలించెడి గిన్నెవంటి తొడుగు. అందు విద్యుత్తు లేదు, తీగ లేదు. మన మాట పక్కవారి చెవిని పడకుండ చూచుటయే దాని పని. కంపెనీ దానిని సైతము నిషేధించినది. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమీషను 1955లో కంపెనీ పక్షమే వహించినది. కాని 1956లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు ఆ నిర్ణయమును త్రోసిపుచ్చినది. అరచేయి అడ్డుపెట్టుకొని మాటలాడుట తప్పు కానప్పుడు, అదే పని తొడుగుతో చేయుట తప్పెట్లగును? పరులకు కీడు కలుగనంతవరకు చందాదారుడు టెలిఫోనును తనకు మేలైన రీతిని వాడుకొనవచ్చునని కోర్టు నిర్ణయించినది.

పిమ్మట టెక్సాస్‌వాసి థామస్ కార్టర్ 'కార్టర్‌ఫోన్' అను సాధనమును నిర్మించెను. టెలిఫోను రిసీవరును దానిపై నుంచిన, మాట వైర్‌లెస్ సెట్టు ద్వారా దూరముననున్న వానికి చేరును. 1959, 1966 సంవత్సరముల మధ్య సుమారు 3,500 సాధనములు అమ్ముడైనవి. కంపెనీ మరల అడ్డు తగిలినది. పరాయి పరికరములవలన లైనులు చెడునని దాని వాదము. ఆ భయము పూర్తిగా నిరాధారము కాదు. అయితే హాని చేయని పరికరమును కూడ నిషేధించుట అన్యాయమని 1968లో కమీషనే తీర్పు చెప్పినది. తరువాతి దశాబ్దమున పరికరములకు సాంకేతిక ప్రమాణములు ఏర్పడినవి. ఇతర కంపెనీల ఆన్సరింగ్ మెషీన్లు, ఫాక్సు యంత్రములు, మోడెములు నిరాటంకముగా ఇండ్లలో ప్రవేశించినవి.

కథ అంతటితో ముగియలేదు. 1998లో అమెరికా చేసిన డిజిటల్ కాపీరైటు చట్టము, యంత్రములోని ప్రోగ్రాములకు తయారీదారు వేసిన తాళమును తీయుట నేరమనినది. మినహాయింపులను మూడేండ్లకొకమారు పరిశీలింతురు. సెల్‌ఫోను యజమాని తనకు నచ్చిన ప్రోగ్రామును నడుపుకొనుటకై ఆ తాళము తీయవచ్చునని 2010లో గాని ఒప్పుకొనలేదు.

నాడు అద్దె యంత్రమునకు సైతము దక్కిన స్వేచ్ఛను, నేడు సొంత యంత్రమునకై పదేపదే అర్థింపవలసియున్నది. ధర చెల్లించిన పిమ్మట, వస్తువుతోపాటు దాని తాళపుచెవియు చేతికి వచ్చినదా అని కొనుగోలుదారుడు అడుగక తప్పదు.