భూమ్యాకర్షణ: చేతితో నేర్చిన పాఠము

జంషెడ్‌పురమున పెరుగు బాలునకు భూమ్యాకర్షణకు నిదర్శనము వెదకుటకై దూరము పోవలసిన పని లేదు. 1907లో స్థాపితమైన టాటా ఇనుము, ఉక్కు కంపెనీవారు సాక్చి గ్రామమున నెలకొల్పిన కొలిమి 1911 డిసెంబరులో తొలిసారి ఇనుమును కరగించెను. 1912 ఫిబ్రవరిలో ఉక్కు తయారయ్యెను. 1919లో ఆ ఊరికి జంషెడ్జీ టాటా పేరు పెట్టిరి. కొలిమికి పైనుండి పోసిన ఖనిజము, కోకు, సున్నపురాయి తమ బరువుచేతనే క్రిందికి దిగును. కరగిన ఇనుము అడుగునకు చేరును. దానికంటె తేలికయైన చిట్టెము పైకి తేలును.

తరతరములుగా అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలకును ఇది ఇంటిమాటయే. అయినను తరగతిలో సూత్రమును వల్లించుటతోనే పాఠము ముగించుట మన దేశమున చిరకాలపు అలవాటు.

నిజమునకు ఈ శాస్త్రము వల్లించినదానిని పరీక్షించుటతోనే బలపడినది. బరువైన వస్తువు వేగముగా పడునని అరిస్టాటిల్ చెప్పిన మాట శతాబ్దములపాటు పాఠమై చెల్లెను. 1586లో స్టెవిన్ అను ఇంజనీరు, ఒకటికంటె మరియొకటి పదిరెట్లు బరువుగల సీసపుగుండ్లను ముప్పది అడుగుల ఎత్తునుండి విడువగా, క్రింది పలకపై ఒక్కటే చప్పుడు వినవచ్చినదని వ్రాసెను. గెలీలియోకు పతనకాలమును కొలువదగిన గడియారము లేదు. అందువలన ఆయన పతనవేగమునే తగ్గించెను. పండ్రెండు మూరల కొయ్యపలకకు గాడి తీసి, ఏటవాలుగా నిలిపి, కంచుగుండును దొర్లించెను. పాత్రనుండి సన్నగా కారిన నీటిని తూచి కాలమును లెక్కించెను. కాలము రెట్టింపైనచో దూరము నాలుగురెట్లగునని తేలెను. ఈ వృత్తాంతము 1638లో అచ్చయ్యెను.

కావున పరికరములు లేవనుట పాఠశాలలకు సాకు కాజాలదు. మీటరు దారమునకు రాయి కట్టి మెల్లగా ఊపినచో, ఇరువదిమారులు పోయి వచ్చుటకు సుమారు 40 సెకన్లు పట్టును. రాయి బరువు మార్చినను కాలము మారదు. దారమును పావుమీటరు చేసినచో కాలము సగమగును.

ఈ మార్గమున మన దేశమున ఒక గొప్ప యత్నము జరిగినది. 1972లో కిశోర భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను సంస్థలు మధ్యప్రదేశములోని హోషంగాబాదు జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలలయందు ప్రయోగముల ద్వారా విజ్ఞానబోధను ప్రారంభించెను. పిల్లలు తామే ప్రయోగము చేసి, అంకెలు వ్రాసికొని, చర్చించి నిర్ణయమునకు వచ్చెడివారు. పరీక్షలో పుస్తకము చూచుటకును అనుమతి యుండెను. 1978లో అది జిల్లా అంతటికి వ్యాపించెను. 2002లో రాష్ట్రప్రభుత్వము దానిని నిలిపివేసెను.

పద్ధతికి కావలసినది ధనముకంటె ఓర్పు. ఊగుడును లెక్కించి ఒక బాలుడు 39 అనియు, వేరొకడు 41 అనియు వ్రాసినపుడు, ఉపాధ్యాయుడు "40 అని దిద్దుకొనుడు" అనినచో విద్య అక్కడనే ఆగును. "తేడా ఎందుకు వచ్చినది?" అని అడిగినచో అక్కడనుండియే మొదలగును. కొలిమివద్ద తండ్రి నిత్యము చూచు సత్యము కుమారునకు పుస్తకములోని వాక్యముగా మాత్రమే మిగులరాదు.