చిన్న రీలు, దాని చుట్టూ చేరిన మనుషులు

ఒకప్పుడు థియేటర్లో ఆడిన సినిమా ఫిల్ము వెడల్పు 35 మిల్లీమీటర్లు. దాన్ని నిలువునా రెండుగా చీలిస్తే పదిహేడున్నర వస్తుంది. ఇంట్లో సరదాగా సినిమా తీసుకునేవాళ్లకు చవకగా ఫిల్ము అందించాలంటే ఇంతకంటే తేలిక దారి లేదు. 1898లోనే ఇంగ్లండులో బిర్ట్ ఏక్రెస్ అనే ఆయన అలా సగం వెడల్పు ఫిల్ముతో నడిచే కెమెరా తయారు చేశాడు. అయినా 1923లో కొడాక్ కంపెనీ ఇంటి సినిమాకు కొత్త కొలత పెట్టాల్సి వచ్చినప్పుడు పదిహేడున్నర వద్దనుకుని 16 మిల్లీమీటర్లు ఖాయం చేసింది. కారణం నిప్పు. ఆనాటి థియేటర్ ఫిల్ము నైట్రేట్‌తో చేసింది. ఒకసారి అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. చవకగా వస్తోంది కదా అని ఎవరైనా ఆ ఫిల్మును చీల్చి ఇంటి ప్రొజెక్టర్‌కి ఎక్కిస్తే, పిల్లాపాపలు కూర్చున్న గది కాలిపోతుంది. అందుకే చీల్చినా పట్టని కొలత ఎంచుకున్నారు. ఆ కొలతలో తేలిగ్గా మండని ఎసిటేట్ ఫిల్ము మాత్రమే తయారు చేశారు. చిన్న సినిమా చరిత్రలో నాకు బాగా నచ్చిన నిర్ణయం ఇది. ముక్కూమొహం తెలియని ఇళ్లలోని పిల్లల కోసం ఇంజనీర్లు ఒకటిన్నర మిల్లీమీటరు వదులుకున్నారు.

ఇంకో ఉపాయం కూడా ఆ 16 మిల్లీమీటర్ల ఫిల్ములోనే ఉంది. కెమెరాలో తిరిగిన రీలునే కడిగి నేరుగా ప్రొజెక్టర్‌లో వేసుకోవచ్చు. నెగటివ్ నుంచి మళ్లీ ప్రింటు వేయించే ఖర్చు పోయింది. అయినా కెమెరా, స్టాండు, ప్రొజెక్టర్, తెర, ఫిల్ము అతికించే పరికరం అన్నీ కలిపి 335 డాలర్లు. వంద అడుగుల రీలు నాలుగు నిమిషాలు ఆడుతుంది.

కొన్నవాళ్లకు కొన్నాళ్లకే అసలు ఇబ్బంది ఎదురైంది. తీసింది ఎవరికి చూపించాలి? ఇంట్లోవాళ్లు రెండుసార్లు చూస్తారు, బాగుందంటారు. మూడోసారి వేస్తానంటే వంటింట్లో పని గుర్తొస్తుంది. వెలుతురు ఎందుకు చాలలేదో, ఆ షాట్ ఎందుకు అంతసేపు సాగిందో చెప్పగలిగేవాడు ఊళ్లో ఉండడు. ఉన్నా ఎక్కడున్నాడో తెలియదు.

దీనికి దారి కనిపెట్టినవాడు హైరమ్ పెర్సీ మాక్సిమ్. హైదరాబాద్ వైపున్న మా యాప్రాల్‌లో మాక్సిమ్ అన్న పేరు చాలామందికి కొత్తేమీ కాదు. ఇక్కడ వీధి వీధికీ రిటైరైన సైనికుల ఇళ్లున్నాయి, మాక్సిమ్ గన్ గురించి వినని వాళ్లు వాళ్లలో ఉండరు. ఆ తుపాకీ చేసిన పెద్ద మాక్సిమ్ కొడుకే ఈయన. తుపాకీకి బిగించే సైలెన్సర్ ఈయన చేసిందే. అయితే ఈయన మనసు పట్టిన విషయం వేరు: ఒకే పిచ్చి ఉన్న మనుషులు ఒకరికొకరు ఎలా దొరుకుతారు?

1914లో ఆయన ఒక రేడియో వాల్వు కోసం హార్ట్‌ఫర్డ్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న మరో రేడియో ఔత్సాహికుడికి కబురు పంపాలనుకున్నాడు. మధ్య దూరం 30 మైళ్లు. ఆయన యంత్రానికి అంత శక్తి లేదు. దారిలో ఉన్న విండ్సర్ లాక్స్ ఊళ్లో ఇంకొకరు సంకేతాన్ని అందుకుని ముందుకు పంపించారు. అక్కడ పుట్టిన ఆలోచన అదే ఏడాది అమెరికన్ రేడియో రిలే లీగ్ అయింది. చిన్న చిన్న స్టేషన్లు గొలుసుగా చేరి దేశమంతా కబుర్లు మోశాయి. పన్నెండేళ్ల తర్వాత, 1926లో, ఇదే పద్ధతిని ఆయన సినిమాకు పట్టుకొచ్చాడు. న్యూయార్క్‌లో అమెచ్యూర్ సినిమా లీగ్ పెట్టాడు. ఆ ఏడాది డిసెంబరులోనే దాని పత్రిక మొదలైంది. 1930 నుంచి ఏటా పది మంచి ఔత్సాహిక చిత్రాలను ఎంపిక చేసి ప్రకటించేవాళ్లు.

లీగ్ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది, సభ్యుల రీళ్లు చూసిపెట్టడం. ఎక్కడో మారుమూల ఊళ్లో ఉన్న సభ్యుడు తన రీలు పోస్టులో పంపితే, లీగ్ వాళ్లు మొత్తం చూసి, ఏం కుదిరిందో ఏం కుదరలేదో రాసి తిప్పి పంపేవాళ్లు. అప్పటిదాకా గాలికి మాట్లాడినట్టున్న మనిషికి ఒక జవాబు వచ్చింది. కెమెరా చిన్నది కావడం ఎంత పెద్ద ఆవిష్కరణో, ఈ జవాబు కూడా అంత పెద్ద ఆవిష్కరణ అంటాను. 1954లో లీగ్ మూతపడింది కానీ దాని నమూనా ఇంగ్లండులో, యూరప్‌లో అప్పటికే పాతుకుపోయింది.

తర్వాతి మెట్లు గబగబా సాగాయి. 1932లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, 8 మిల్లీమీటర్ల ఫిల్ము వచ్చింది. 16 వెడల్పు ఫిల్మునే అటోసారి ఇటోసారి తిప్పి తీసి, కడిగాక మధ్యకు చీల్చి ఇచ్చేవాళ్లు. 1965లో సూపర్ 8. చీకట్లో ఫిల్ము ఎక్కించే తంటా లేకుండా ప్లాస్టిక్ డబ్బీని కెమెరాలో పెట్టి మూత వేస్తే చాలు. డబ్బీకి 3 నిమిషాల 20 సెకన్లు.

హైదరాబాద్‌లో ఆ కెమెరాలు చాలా తక్కువ ఇళ్లకే చేరాయి. ఇక్కడ ముందు కుదిరింది చూసేవాళ్ల గుంపు. 1974లో మొదలైన హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్, థియేటర్లలో దొరకని సినిమాలు చూపించింది. తీసేవాళ్ల గుంపు, అదీ తెలుగులో, ఎక్కడ పుట్టిందని అడిగితే నేను జహీరాబాద్ వైపు చూపిస్తాను.

అక్కడ పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో దళిత మహిళల సంఘాలు చిరుధాన్యాలు, విత్తనాలు, పడావు భూముల సాగు మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నాయి. సంస్థను నడిపించిన పి.వి.సతీశ్ అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్. 1975లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊళ్లకు టీవీ కార్యక్రమాలు పంపిన ప్రయోగం నాటి తరం ఆయనది. ఆ ప్రయోగంలో మాట పైనుంచి వచ్చేది, ఊరు కింద కూర్చుని వినేది. పస్తాపూర్‌లో ఆయన కెమెరాను ఊరి చేతికిచ్చాడు. పొలం కూలీకి వెళ్లే, అక్షరం రాని ఆడవాళ్లు వీడియో కెమెరా పట్టడం, ఎడిటింగ్ చేయడం నేర్చుకున్నారు. 2001లో వాళ్లదే కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది.

వాళ్లు కెమెరా కోణాలకు పెట్టుకున్న పేర్లు చూడండి. పైనుంచి కిందికి చూసే షాట్‌ను పటేల్ షాట్ అన్నారు. ఎత్తున కూర్చున్న పటేలుకు కింద ఉన్న తాము కనిపించే తీరు అది. కింది నుంచి తలెత్తి చూసే షాట్‌కు బానిస పేరు పెట్టారు. కళ్లకు సమానమైన ఎత్తులో తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ నేల మీద ఒకే వరసన కూర్చుంటారు కాబట్టి అక్కడ ఎవరి చూపూ ఎవరి మీదా పడదు, ఎదురుగా కలుస్తుంది. సినిమా బళ్లలో కింది నుంచి చూసే లో యాంగిల్ అంటే పాత్రకు బలం అని చెబుతారు. ఆ పాఠాన్ని ఈ స్త్రీలు ఎదుటి మనిషి వైపు నుంచి కాకుండా కెమెరా పట్టిన మనిషి వైపు నుంచి చదివారు. కోణం చెప్పేది చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడో. ఒంటరిగా మాన్యువల్ చదువుకునే మనిషికి ఇది తట్టదు. కలిసి కూర్చుని తీసింది చూసుకునే అలవాటు ఉన్న చోటే ఇలాంటి మాటలు పుడతాయి.

2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ మొదటి పంట కాలం పొడుగునా ఈ మహిళలు వరంగల్ రైతుల చేలకు మళ్లీ మళ్లీ వెళ్లి, మొక్క మొలిచిన దగ్గర్నుంచి లెక్క తేలేదాకా చిత్రించారు. బీటీ పత్తి మీద వరంగల్ రైతులకు కోపం ఎందుకో అడిగే ఆ చిత్రం 2003లో వచ్చి విదేశాల దాకా వెళ్లింది. ఒక్కరోజు వచ్చి పోయే టీవీ బృందానికి ఆ ఓపిక ఉండదు. తాము కూడా రైతులైనవాళ్లకు ఉంటుంది. సతీశ్ 2023లో పోయారు. ఆ స్త్రీలు నేర్పిన కెమెరా పాఠం మాత్రం పస్తాపూర్ పొలిమేరలు ఎప్పుడో దాటింది.

పట్నంలో కథ మరోలా నడిచింది. 2008లో వచ్చిన కెనాన్ 5డీ మార్క్ 2, ఫోటోలు తీసే కెమెరాతోనే సినిమాలాంటి బొమ్మ వస్తుందని చూపించింది. 2011లో రాంగోపాల్ వర్మ అలాంటి కెమెరాలతో ఐదు రోజుల్లో ‘దొంగల ముఠా’ తీశాక ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లకు ధైర్యం వచ్చింది. అప్పటికే నవతరంగం వెబ్‌సైట్లో తెలుగువాళ్లు ప్రపంచ సినిమా గురించి తెలుగులో వాదించుకుంటున్నారు. యూట్యూబ్ షార్ట్ ఫిల్ముల అల ఆ తర్వాత లేచింది. రీతూ వర్మతో ‘అనుకోకుండా’ తీసిన తరుణ్ భాస్కర్, 2016లో ఆమెతోనే ‘పెళ్లి చూపులు’ తీశాడు. చిన్న సినిమా రోజుల్లో దొరికిన మనుషులే పెద్ద సినిమాకూ తోడు వచ్చారు.

ఇప్పుడు ఫోనులో గ్రూపులకు కొదవలేదు. షార్ట్ ఫిల్మ్ మేకర్స్ అని వెతికితే వేలమంది ఉన్నవి దొరుకుతాయి. చాలావాటిలో రోజంతా లింకులే. అందరూ తమది పెట్టి వెళ్లిపోతారు, పక్కవాడిది ఎవరూ చూడరు. ఏ గ్రూపులో చేరాలని నన్ను అడిగే పిల్లలకు నేను చెప్పేది ఒకటే: చేరే ముందు వారం రోజులు ఊరికే చదవండి. ఎవరైనా ఒక సినిమా చివరిదాకా చూసి, ఫలానా నిమిషం దగ్గర కట్ తొందరైంది అని రాశారా? ఆ మాట విని తీసినవాడు మార్చి మళ్లీ పెట్టాడా? ఇవి రెండూ కనిపిస్తే యాభై మందే ఉన్నా ఆ గ్రూపులో ఉండండి. నెలకోసారైనా ఎక్కడో ఒకచోట మొహాలు చూసుకునే గుంపు అయితే మరీ మంచిది. బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే వేదికలో ఎవరో ఒకరు డాక్యుమెంటరీ వేస్తూనే ఉంటారు. అక్కడ సినిమా అయ్యాక ఆగి మాట్లాడేవాళ్లే మీ మనుషులు.

యాప్రాల్‌లో సినిమా తీయడానికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. చుట్టూ మిలిటరీ స్థలాలు, ఫోటోలు తీయరాదన్న బోర్డులు. అందమైన చెట్ల దారులున్నా కెమెరా ఎత్తలేం. అందుకని ఇక్కడి పిల్లల సినిమాలన్నీ మేడల మీద, పార్కింగుల్లో, మెట్ల మీద నడుస్తాయి. మా అపార్ట్‌మెంట్లో ఉండే డిగ్రీ కుర్రాడు వాచ్‌మన్ రోజు ఎలా గడుస్తుందో మూడు నిమిషాల్లో తీశాడు. మొదట ఒక పెద్ద గ్రూపులో పెట్టాడు. చప్పట్ల బొమ్మలు వచ్చాయి, అంతే. తర్వాత సైనిక్‌పురి వైపు ఉండే నలుగురైదుగురితో ఒక చిన్న గ్రూపు కుదిరింది. ఒక ఆదివారం మా హాల్లో టీవీకి ఫోను కలిపి అందరం చూశాం. రిటైరైన ఒక సుబేదారుగారు కూడా వచ్చి కూర్చున్నారు.

సినిమా అంతా మూడో అంతస్తు బాల్కనీ నుంచి తీసింది. గేటు, కుర్చీ, మనిషి నెత్తి మీద టోపీ. పస్తాపూర్ ఆడవాళ్ల సంగతి నేను చెప్పాను. కుర్రాడు ఫోను చేతిలోకి తీసుకుని తన సినిమాను మొదటి నుంచి మళ్లీ చూశాడు.

“అంకుల్, మొత్తం పటేల్ షాటే కదా ఇది” అన్నాడు.

“వాచ్‌మన్‌ను అడిగావా, తీస్తున్నానని?” అన్నారు సుబేదారుగారు.

అడగలేదు. మర్నాడు అడిగాడు. వాచ్‌మన్ ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు: రాత్రి రెండింటికి నీళ్ల ట్యాంకర్ వచ్చేటప్పుడు తీయాలి, పని అంటే అప్పుడు చేసేదేనట. ఇప్పుడు ఆ గ్రూపులో నడుస్తున్న చర్చ, ఆ వెలుతురులో ఫోను కెమెరా ఏ సెట్టింగులో పెడితే మొహం కనిపిస్తుందని. ఒకమ్మాయి తన మేడ మీద తీసిన మూడు పరీక్ష క్లిప్పులు పంపింది. రెండోది బాగుంది.